ప్రసన్నకుమార ఠాకూరుగారి జీవితము, మరణశాసనము

భారతదేశమున హైందవుల మరణశాసనములను గూర్చి న్యాయస్థానములలో వాదము వచ్చినప్పుడు న్యాయవాదుల నోట నేటికిని ఒక పేరు వినవచ్చుచుండును. ఠాకూరు వ్యాజ్యమని దానికి ప్రసిద్ధి. ఇంగ్లీషువారు తమ పలుకుబడిని బట్టి టాగూరు అని వ్రాసిన యింటిపేరే బంగాళీల ఠాకూరు. ఆ వ్యాజ్యమునకు మూలమైన శాసనమును వ్రాసినవారు ప్రసన్నకుమార ఠాకూరుగారు. ఆయన గొప్ప న్యాయవేత్త, గొప్ప ధనికుడు, గొప్ప దాత. తన శాస్త్రజ్ఞానము నంతయు వినియోగించి వ్రాసిన ఆ శాసనమునకు ప్రాణమైన భాగము ఆయన గతించిన నాలుగేండ్లకే కొట్టివేయబడెను. అందలి సరళమైన భాగమో, తరతరముల విద్యార్థులకు అక్షరభిక్ష పెట్టినది. ఏ భాగ మేల పోయెనో, ఏ భాగ మేల నిలిచెనో తెలిసికొనుట కుటుంబము గల ప్రతివారికిని ప్రయోజనకరమని తలచి, ఈ మహాసభా సంచికకు వారి జీవితమును వ్రాయ సంకల్పించితిమి.

వంశము, విద్య

కలకత్తా నగరమున ఠాకూరులది ప్రాచీనమైన బ్రాహ్మణవంశము. పదునెనిమిదవ శతాబ్దమున నీలమణి, దర్పనారాయణుడు అను సోదరు లిరువురు విడిపోగా, ఆ వంశము రెండు శాఖలయ్యెను. నీలమణిగారి శాఖ జోడాసాంకోలో స్థిరపడినది. 1913లో నోబెలు బహుమానము నందిన రవీంద్రకవి ఆ శాఖవారు. దర్పనారాయణునిది పాథురియాఘాట శాఖ. ఆయన కుమారుడు గోపీమోహన ఠాకూరుగారు. 1817లో కలకత్తాలో హిందూ కాలేజి స్థాపింపబడినప్పుడు దానికి విరివిగా ధనమిచ్చి ముందు నిలిచినవారిలో గోపీమోహనుగా రొకరు. వారి కుమారులలో కడగొట్టువారే మన కథానాయకులు. ఆయన 1801 సంవత్సరమున జన్మించిరి.

బాల్యమున ఆయన షెర్బరన్ అను దొర పాఠశాలలోను, పిమ్మట హిందూ కాలేజిలోను చదివిరి. తండ్రి ధనముతో నిలిచిన విద్యాలయమున కుమారుడు విద్యార్థియై కూర్చుండుట ఆ కాలమున చూడముచ్చటైన సంగతి. ఇంగ్లీషు విద్యతోపాటు ఆయన ధర్మశాస్త్రములను శ్రద్ధతో అభ్యసించిరి. ఈ శ్రద్ధ వృత్తికొఱకు మాత్రమే కాదు. వాచస్పతిమిశ్రుడు మిథిలాదేశ వ్యవహారమును గూర్చి సంస్కృతమున రచించిన వివాదచింతామణి అను గ్రంథమును ఆయన ఇంగ్లీషులోనికి అనువదించి, 1863లో ప్రకటించిరి. ధనవంతుని యింట పుట్టినవాడు అఱువదియేండ్లు పైబడిన వయస్సున గ్రంథము పట్టుకొని కూర్చుండుట మావంటి ఉపాధ్యాయులకు సంతోషము కలిగించు విషయము.

వృత్తి, దేశసేవ

రాజా రామమోహనరాయల సహచరులలో ప్రసన్నకుమారుగా రొకరు. 1830లో బ్రహ్మసమాజ మందిరమును ధర్మకర్తలకు ఒప్పగించిన దానపత్రమున రామమోహనరాయలు, ద్వారకానాథ ఠాకూరు మొదలగువారితోపాటు ఈయన పేరును కలదు. మఱుసటి యేడు ఆయన తన తోటలో హిందూ థియేటరు అను నాటకశాలను నెలకొల్పిరి. రిఫార్మరు అను ఇంగ్లీషు పత్రికను నడపిరి. 1838లో భూస్వాముల సంఘమును స్థాపించుటలోను, 1851లో బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ అను సభను నెలకొల్పుటలోను ఆయన ముఖ్యులు. దేశీయులు తమ కష్టసుఖములను ప్రభుత్వమునకు విన్నవించుకొనుటకు సభలుగా కూడవలెనని నేర్పిన తొలితరమువా రీయన. నేడు మనము సంఘముగా కూడి మహాసభలు జరుపుకొనుచున్నామన్న, ఆ నడక వేసిన పెద్దలను తలచుకొనుట ధర్మము.

వృత్తిచే ఆయన వకీలు. కంపెనీవారి అత్యున్నత దేశీయ న్యాయస్థానమైన సదర్ దివానీ అదాలతులో చిరకాలము సర్కారు వకీలుగా పనిచేసి, పిత్రార్జితమునకు స్వార్జితమును జోడించి, బంగాళమున మిక్కిలి సంపన్నులైన జమీందారులలో నొకరైరి. 1854లో గవర్నరు జనరలుగారి శాసనసభ యేర్పడినప్పుడు ఆ సభకు క్లార్కు అసిస్టెంటుగా నియమింపబడి, చట్టములు పుట్టు చోటనే యుండి వానిని పరికించిరి. 1866లో ప్రభుత్వము వారికి సి.ఎస్.ఐ. బిరుదమిచ్చెను. 1867లో గవర్నరు జనరలుగారి శాసనసభకు సభ్యులుగా నియమించెను. పత్రములు వ్రాయుటలోను, చదువుటలోను, వానిలోని లోపములు పట్టుటలోను ఆయనను మించినవారు కలకత్తాలో అరుదు.

పుత్రుని కథ

ఇట్టి మహాభాగ్యవంతునకు గృహమున నొక దుఃఖము సంభవించినది. ఆయనకు జ్ఞానేంద్రమోహనుడను ఒక్కగా నొక్క కుమారుడు. ఆ కుమారుడు 1851లో క్రైస్తవమతము స్వీకరించి, కృష్ణమోహన బంద్యోపాధ్యాయుడను ప్రసిద్ధ క్రైస్తవ పండితుని కుమార్తె యగు కమలమణిని వివాహమాడెను. పిమ్మట ఇంగ్లాండునకు పోయి న్యాయశాస్త్రము చదివెను. లండను యూనివర్సిటీ కాలేజిలో హిందూధర్మశాస్త్రమును, బంగాళీ భాషను బోధించెను. 1862లో లింకన్స్ ఇన్ నుండి బారిస్టరు పట్టము పొందెను. భారతీయులలో బారిస్టరు లైనవారిలో అతడే ప్రథముడు.

తండ్రీకొడుకులలో ఎవ్వరి మనస్సును ఎవ్వరు ఎంత నొప్పించిరో నిర్ణయించుట మా పని కాదు. మతము మార్చుకొనుట కుమారుని విశ్వాసము. దానిని సహింపలేకపోవుట తండ్రి విశ్వాసము. ఇద్దరును విద్వాంసులే, ఇద్దరును న్యాయశాస్త్రవేత్తలే. తండ్రి నేర్చిన ధర్మశాస్త్రమునే కుమారుడు సముద్రము దాటి పోయి పరదేశీయులకు బోధించెను. విద్య వంశమున నిలిచినను స్నేహము నిలువలేదు.

ఇచ్చట ఒక చట్టమును గూర్చి చెప్పవలసియున్నది. పూర్వము మతము విడిచినవానికి దాయభాగములేదని వ్యవహారము. 1850లో ప్రభుత్వమువారు చేసిన ఇరువదియొకటవ చట్టము దానిని తొలగించినది. మతము మారిన కారణమున గాని, కులమునుండి వెలివేయబడిన కారణమున గాని ఎవ్వడును ఆస్తిహక్కును కోల్పోరాదని ఆ చట్టము. కనుక ప్రసన్నకుమారుగారు శాసనమేమియు వ్రాయక గతించినచో, యావదాస్తియు జ్ఞానేంద్రమోహనునకే చెందును. ఇది ఆయనకు బాగుగా తెలియును. అందుచేతనే కలము పట్టిరి.

దాయభాగము, మితాక్షర

మన తెలుగుదేశమున ఇట్టి తండ్రి ఇట్టి శాసనమును వ్రాయుటకు నాడు వీలులేదు. కారణము వివరింతుము. హిందూ దాయవిషయమున రెండు సంప్రదాయములు కలవు. కల్యాణపురమున చాళుక్యరాజైన ఆరవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర యొకటి. జీమూతవాహనుడు రచించిన దాయభాగము మఱియొకటి. బంగాళమున దాయభాగము, మనకు మితాక్షర ప్రమాణములు. మితాక్షరను పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన తెలుగుపద్యములలో విజ్ఞానేశ్వరీయమను పేర రచించెను. కాబట్టి అది మనకు పరాయిగ్రంథము కాదు.

మితాక్షర మతమున పిత్రార్జితమైన ఆస్తియందు కుమారునకు పుట్టుకతోడనే హక్కు కలుగును. దాయభాగ మతమున తండ్రి జీవించియుండగా కుమారునకు హక్కులేదు. తండ్రియే సర్వస్వతంత్రుడు. కనుక బంగాళమున తండ్రి తన యిచ్చవచ్చిన రీతిని ఆస్తిని వినియోగింపవచ్చును. ఈ స్వాతంత్ర్యమే ప్రసన్నకుమారుగారి శాసనమునకు ఆధారము.

మఱియొక విశేషము. మన స్మృతులలో మరణశాసనమను ప్రకరణము కానరాదు. దానమును గూర్చి చెప్పిరి, విభాగమును గూర్చి చెప్పిరి, దత్తతను గూర్చి చెప్పిరి. మరణానంతరము అమలు కావలసిన కాగితము ఇంగ్లీషు న్యాయస్థానముల కాలమున క్రమముగా మనకు అలవడినది. న్యాయమూర్తులు దానిని దానమువంటిదిగా భావించి, దానమునకు గల నియమములనే దానికిని అన్వయింపజేసిరి. కథ యంతయు ఇచ్చటనే ముడిపడియున్నది.

మరణశాసనము

1862 అక్టోబరు మాసమున ప్రసన్నకుమారుగారు మరణశాసనమును వ్రాసిరి. కుమారుడు లండనులో బారిస్టరు పట్టమందినదియు ఆ సంవత్సరమే. ఆస్తిపై సంవత్సరమునకు వచ్చు ఆదాయము సుమారు రెండున్నర లక్షల రూపాయలు. ఆనాటి రెండున్నర లక్షలని చదువరులు గమనింపవలెను.

శాసనములోని యేర్పాట్లు రెండు విధములు. మొదటివి సరళములు. బంధువులకును, ఆశ్రితులకును, నౌకరులకును ఇంతింత యని ఇచ్చుట, ధర్మకార్యములకు కొంత ధనము కేటాయించుట. వీనిలో ముఖ్యమైనది కలకత్తా విశ్వవిద్యాలయమునకు న్యాయశాస్త్రోపన్యాసముల కొఱకు ఇచ్చిన మూడు లక్షల రూపాయల దానము. ఇచ్చువారెవరో, పుచ్చుకొనువారెవరో, ఇచ్చున దేమియో స్పష్టము.

రెండవవి మిక్కిలి జటిలములు. పెద్ద ఎస్టేటును ఆయన ధర్మకర్తల స్వాధీనమున నుంచిరి. దాని ఫలము తన యన్న హరకుమార ఠాకూరుగారి పెద్ద కుమారుడు యతీంద్రమోహనుడు జీవించి యున్నంతకాలము అనుభవింపవలెను. అతని తరువాత అతని జ్యేష్ఠపుత్రుడు, ఆ పుత్రుని జ్యేష్ఠపుత్రుడు, ఇట్లు పురుషసంతతి జ్యేష్ఠక్రమమున ఎస్టేటు విభాగము లేక సాగవలెను. ఆ శాఖ అంతరించినచో యతీంద్రుని తమ్ముడు శౌరీంద్రమోహనుని శాఖకు, అటుపిమ్మట ఇతర శాఖలకు అదే రీతిని పోవలెను. ఆడువారి వలన కలుగు సంతతికి ఈ క్రమమున చోటు లేదు. కుమారుడగు జ్ఞానేంద్రునకు తాను జీవించియుండగనే కొంత యేర్పాటు చేసితినని చెప్పి, శాసనమున ఏమియు ఇయ్యలేదు.

ఇది ఇంగ్లాండులోని ప్రభువుల కుటుంబములలో పూర్వము వాడుకలో నున్న పద్ధతి. ఎస్టేటు చీలిపోకుండ జ్యేష్ఠునినుండి జ్యేష్ఠునకు తరతరములుగా నడచుట. దర్పనారాయణుని కాలమునుండి వంశము శాఖలుగా చీలుట చూచినవారగుటచే ప్రసన్నకుమారుగారికి ఈ పద్ధతి రుచించియుండును. ఉద్దేశము నీచమైనది కాదు. తాను కూర్చిన సంపద ముక్కలు కారాదని, తన వంశకీర్తి నిలువవలెనని కోరిరి. కాని ఆ శాసనమున పేరు పెట్టబడినవారిలో అనేకు లింకను భూమిమీద పుట్టియుండలేదు.

వ్యాజ్యము

ప్రసన్నకుమారుగారు 1868లో కాలధర్మము నొందిరి. వెంటనే జ్ఞానేంద్రమోహనుడు, తాను ఏకైకపుత్రుడననియు, శాసనము చెల్లదనియు కలకత్తా హైకోర్టున వ్యాజ్యము వేసెను. అచ్చట రెండంచెలలో విచారణ జరిగి, అప్పీలు లండనునందలి ప్రివీ కౌన్సిలునకు పోయెను. 1872 జూలైలో వారు తీర్పు చెప్పిరి. ఆ తీర్పులోని ముఖ్యాంశములను మా మాటలలో చెప్పుదుము.

మొదటిది. తండ్రి తన ఆస్తిని శాసనముచే ఇతరులకు ఇయ్యవచ్చును. బంగాళ ధర్మమున కుమారుడు దానిని అడ్డగింపజాలడు. కనుక యతీంద్రమోహనునకు యావజ్జీవము అనుభవింపుమని ఇచ్చినది చెల్లును. ఇంతవఱకు శాసనము గెలిచినది.

రెండవది. ఒక గృహస్థు తన కాగితముతో దేశమునకు లేని క్రొత్త దాయక్రమమును సృష్టింపజాలడు. ఆస్తిని ఎవరికైనను ఇయ్యవచ్చును గాని, ఇచ్చిన పిమ్మట అది ఏ రీతిని సంక్రమింపవలెనో నిర్ణయించునది ధర్మశాస్త్రము. జ్యేష్ఠునికే, పురుషునికే, ఎల్లకాలమును అను నియమము హైందవధర్మమున లేదు.

మూడవది. దానమునకు ప్రతిగ్రహీత ఉండవలెను. తన స్వత్వమును విడిచి మఱియొకనికి స్వత్వము కలిగించుటయే దానమని మన శాస్త్రకారుల భావము. పుచ్చుకొనువాడే లేనప్పుడు ఇచ్చుట యెట్లు? శాసనకర్త గతించునాటికి బ్రతికియున్నవాడు గాని, తల్లిగర్భమున నున్నవాడు గాని, ధర్మశాస్త్రము అట్లు భావించు దత్తపుత్రుడు గాని కానిచో వానికి ఇచ్చినది చెల్లదు. కనుక యతీంద్రుని తరువాతి తరములకై వ్రాసిన ఏర్పాటు లన్నియు పోయెను.

నాలుగవది ప్రతి గృహస్థుడును మనస్సున నుంచుకొనదగినది. ఫలానా వానికి నా ఆస్తి లేదని వ్రాసినంత మాత్రమున వాని హక్కు పోదు. ఆ ఆస్తిని చెల్లునట్టి రీతిని మఱియొకరికి ఇచ్చినగాని పోదు. ఇయ్యకుండ మిగిలిన భాగము, ఎవ్వనిని వలదంటిరో వానికే వారసునిగా చేరును. అందుచేత యతీంద్రమోహనుని జీవితానంతరము ఆ ఎస్టేటు పై హక్కు, ధర్మశాస్త్రము ననుసరించి వారసుడగు జ్ఞానేంద్రునిదే యని తేలినది.

ఎవనికి ఏమియు ఇయ్యరాదని అంత శ్రమపడి వ్రాసిరో, ఆ శాసనములోని బిగువే తుదకు వానికి హక్కును మిగిల్చినది. ఇక జ్ఞానేంద్రమోహనునకు దక్కినదేమి? ఆతడు 1890లో ఇంగ్లాండునందే గతించెను. మహారాజ బిరుదాంకితుడై, మధుసూదనదత్త కవికి పోషకుడై కీర్తి గాంచిన యతీంద్రమోహనుడు 1908 వఱకును జీవించెను. అనగా యతీంద్రుని యనుభవకాలము ముగియుటకు పదునెనిమిదేండ్లు ముందే ఏకైకపుత్రుడు వెడలిపోయెను. తండ్రి కోరిన వంశక్రమమును నిలువలేదు, కుమారుడు గెలిచిన హక్కును అతనికి అనుభవమునకు రాలేదు.

నిలిచినది

కాని ఒకటి నిలిచినది. ఆయన విశ్వవిద్యాలయమునకిచ్చిన మూడు లక్షల రూపాయలతో ఠాకూరు న్యాయోపన్యాసము లేర్పడినవి. 1870లో హర్బర్టు కవెల్ అను న్యాయవాది హిందూధర్మశాస్త్రముపై తొలి యుపన్యాసములు చేసెను. అది మొదలు దేశవిదేశముల న్యాయవేత్తలు కలకత్తాకు పిలువబడి, తమ తమ విషయములపై ఉపన్యసించిరి. ఆ యుపన్యాసములు గ్రంథములుగా వెలువడి, మద్రాసున, హైదరాబాదున, రాజమహేంద్రవరమున న్యాయవాదుల అలమారులకెక్కినవి. స్త్రీధనమును గూర్చి, దత్తతను గూర్చి, ధర్మసంస్థలను గూర్చి వానిలో పుట్టిన చర్చలు భారతదేశ న్యాయమునకు పునాదిరాళ్లు.

విచిత్రమేమన, ఆయన శాసనముపై వచ్చిన తీర్పును చర్చింపని హిందూధర్మశాస్త్రగ్రంథము అరుదు. ఆయన ధనమును, ఆయన కలిగించిన వివాదమును గూడ విద్యార్థులకే పాఠమైనవి. పేరు చెప్పి, మొత్తము చెప్పి, చేతికిచ్చినట్లు ఇచ్చిన ధనము నిలిచినది. పుట్టనివారి చేతులు కట్టుటకు వ్రాసిన వ్రాత చెరిగినది. ఈ జీవితమునుండి మేము గ్రహించిన సారాంశ మిది.

ఈ తీర్పు వలన కలిగిన బిగువును పిమ్మట చట్టములు కొంత సడలించినవి. కోస్తా, రాయలసీమ మండలములు నాడు చేరియున్న మద్రాసు రాజధానిలో 1914లోను, తక్కిన బ్రిటిషు ఇండియాలో 1916లోను చేయబడిన చట్టముల ననుసరించి, ఇంకను పుట్టనివారికి ఇచ్చిన దానము ఆ కారణము మాత్రముననే చెల్లకుండ పోదు. తాత తన మనుమని పుట్టబోవు బిడ్డను తలచుకొని ఏదైన వ్రాయదలచినచో నేడు మార్గము కలదు. కాని దానికి హద్దులు కలవు. కాలమంతయు తన చెప్పుచేతలలో నుంచుకొందునను శాసనమునకు నేటికిని చోటులేదు.

మనము గ్రహింపవలసినది

మేము ఉద్యోగమున నున్నప్పుడును, విరమించిన పిమ్మటను ఊరివారు కాగితములు తెచ్చి చదివిపెట్టుమని యడుగుట పరిపాటి. వానిలో వీలునామాలును వచ్చుచుండును. అనేకులు వీలునామా యనిన మరణమును పిలుచుటగా తలచి వెనుదీయుదురు. కొందఱు కోపమున వ్రాయుదురు. ఒక కుమారుడు మాట వినలేదని, ఒక కుమార్తె తమకు నచ్చని వివాహము చేసికొన్నదని వ్రాయుదురు. వ్రాసిన కాగితమున ఎవరికి ఇయ్యరాదో వివరముగా నుండును, ఎవరికి ఇయ్యవలెనో అస్పష్టముగా నుండును. ఠాకూరుగారి కథ ఇట్టివారికే ముఖ్యముగా వినిపింపదగినది. అంతటి న్యాయకోవిదునకే కోపముచే కట్టిన కోట నిలువనప్పుడు మనబోంట్ల మాట యేమి?

ఇక నేటి చట్టమును గూర్చి సంఘీయులకు ఉపయోగపడు కొన్ని సంగతులు చెప్పుదుము. ప్రసన్నకుమారుగారి నాడు హిందువు నోటిమాటగా చెప్పినను మరణశాసనము కాగలిగెడిది. 1927 జనవరి 1 మొదలుకొని హిందువులు వ్రాయు ప్రతి శాసనమునకు, 1925 నాటి భారత వారసత్వ చట్టము ననుసరించి, శాసనకర్త సంతకము లేక వ్రేలిముద్రయు, ఇరువురు సాక్షుల సంతకములును ఉండవలెను. శాసనకర్త సంతకము చేయుటను సాక్షులు చూడవలెను, లేక ఆతని నోట తన సంతకమే యని వినవలెను. సాక్షులు శాసనకర్త యెదుట సంతకము చేయవలెను. స్టాంపు కాగితము అక్కఱలేదు, తెల్లకాగితము చాలును. రిజిస్టరు చేయించుట నిర్బంధము కాదు, చేయించినచో మేలు. లబ్ధిపొందువారిని సాక్షులుగా పెట్టకుండుట వివేకము. ప్రాణమున్నంతవఱకు మార్చుకొనుటకును, రద్దుచేసికొనుటకును స్వాతంత్ర్యము కలదు. కడపటిదే చెల్లును గనుక ప్రతి కాగితమున తేదీ స్పష్టముగా వేయుట మఱువరాదు.

స్వార్జితమును ఎవరికైనను వ్రాయవచ్చును. ఉమ్మడి పిత్రార్జితములోనో, తన వాటామాత్రమే వ్రాయనగును. ఆ వాటానైనను శాసనముచే ఇచ్చుటకు వీలు కల్పించినది 1956 నాటి హిందూ వారసత్వ చట్టము. కుమార్తెల సంగతి ప్రత్యేకముగా గమనింపవలెను. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 మొదలు, నాటికి వివాహముకాని కుమార్తెలకు ఉమ్మడియాస్తిలో పుట్టుకతో హక్కు కలిగినది. 2005లో దేశమంతటికిని చట్టము మారి, వివాహితలకును ఆ హక్కు వచ్చినది. 2005 నాటికి తండ్రి జీవించియుండుట అవసరము లేదని 2020లో సుప్రీంకోర్టువారు స్పష్టపఱచిరి. ఆడువారి సంతతికి చోటులేదన్న ఠాకూరుగారి యేర్పాటును నేటి తండ్రి అనుకరింపజూచినచో, ఉమ్మడియాస్తిలో కుమార్తె వాటాను ఆతని కలము తాకజాలదు. కట్నము ఇచ్చితిమి గదా యని తృప్తిపడి కూతురు పేరు విడిచి వ్రాసిన కాగితములు ఎన్నో నేడు వ్యాజ్యములైనవి.

ఇంతకు మించి చట్టము నేర్పలేనివి కొన్ని కలవు. భార్య జీవనమునకు ముందు ఏర్పాటు చేసి పిమ్మట బిడ్డల భాగములు వ్రాయుట, సర్వే నంబరుతో హద్దులతో పొలమును పేర్కొనుట, అప్పులను దాచక వ్రాయుట, సేవచేసిన నౌకరును మఱవకుండుట, శాసనము ఉన్నచోటు నమ్మినవారొకరికి చెప్పుట. ఠాకూరుగారు నౌకరులను మఱవలేదు. ఆ భాగమున ఆయనను అనుకరింతుము. అన్నిటికంటె ముఖ్యమైనది, వ్రాయకముందు ఇంటివారితో ఒకమాటు కూర్చుండి మాటాడుట. పాథురియాఘాటలోని తండ్రియు, లండనులోని కుమారుడును చెప్పుకొనవలసిన మాటలను ఇరుపక్షముల న్యాయవాదులు న్యాయమూర్తుల యెదుట చెప్పవలసివచ్చినది. అంతటికిని తండ్రి అప్పటికే లేరు.

సంఘీయులలో సంపన్నులైనవారికి మఱియొక మనవి. విద్యార్థి వసతిగృహమునకో, వేతనమునకో, గ్రంథాలయమునకో కొంత ధనము వ్రాయదలచినచో, ఠాకూరుగారు విశ్వవిద్యాలయమునకు వ్రాసినట్లు వ్రాయుడు. ఇంత ధనము, ఈ సంస్థకు, ఈ పనికి, అని మూడు మాటలు స్పష్టముగా నుండవలెను. సంస్థ పేరు రిజిస్టరయిన రీతిని వ్రాయవలెను. వీలైనచో జీవించియుండగనే కొంత ఇచ్చి, ఫలము కన్నులార చూచి, మిగిలినది శాసనమున వ్రాయుట ఉత్తమము.

ప్రసన్నకుమార ఠాకూరుగారు దేశసేవకులు, విద్యాదాతలు, పండితులు. ఆయన కీర్తికి ఆ తీర్పు వలన లోపము లేదు. తన శాసనములోని ఒక భాగముచే న్యాయవిద్యను పోషించి, ఇంకొక భాగముచే ఆ విద్యకే పాఠ్యాంశమైనవారు ప్రపంచమున అరుదు. వారి దానగుణమును మనవారు గ్రహింతురుగాక. సంఘీయుల కుటుంబములలో ఏ తండ్రి వ్రాతయు బిడ్డలను న్యాయస్థానపు మెట్లెక్కింపకుండుగాక యని ఆకాంక్షించుచు విరమించుచున్నాము.